ఊరి కోసం అంబులెన్సు కొనడం సరే, నెలనెలా నడిపే డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. నల్లమల అంచున ఉన్న మీ మండల కేంద్రానికి జిల్లా ఆసుపత్రి 70 కిలోమీటర్ల దూరం. దగ్గరి 108 వాహనం పక్క మండలంలో ఉంటుంది కాబట్టి రావడానికి ఒక్కోసారి గంట పడుతోంది. కిందటి వేసవిలో పాము కరిచిన కుర్రాడిని ఆటోలో తీసుకెళ్లాల్సి వచ్చింది. అందుకే మీ యువజన సంఘం 6 లక్షల రూపాయలకు ఒక పాత అంబులెన్సు కొనాలనుకుంటోంది, అమెరికాలో స్థిరపడిన మీ ఊరివాళ్లు సగం సొమ్ము ఇస్తామన్నారు. నడిపే ఖర్చును ఆరోగ్యశ్రీ నుంచి, ఆరోగ్య బీమా కంపెనీల నుంచి, రోడ్డు ప్రమాద బాధితుల నగదు రహిత చికిత్స పథకం నుంచి రాబట్టుకోవచ్చా అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెబుతాను: రాబట్టుకోలేరు. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ మీ సంఘం ఖాతాలో నేరుగా డబ్బు వేయదు. నడిపే ఖర్చుకు మీ మండలంలోనే, నెలనెలా తప్పకుండా వచ్చే ఆదాయం ఒకటి ఏర్పడేదాకా వాహనం కొనవద్దని నా సలహా. ఈ మాట మీ ఉత్సాహం మీద నీళ్లు చల్లడానికి చెప్పడం లేదు. పద్నాలుగేళ్లుగా అంబులెన్సుల లెక్కలు చూస్తున్నాను, మొదట ఒక పెద్ద సంస్థలో జిల్లా స్థాయిలో, ఆ తరువాత రెండు వాహనాలున్న ఒక చిన్న ధర్మసంస్థలో. డబ్బు లేక షెడ్డులో ఆగిపోయిన అంబులెన్సులకు నా చేతులతో తాళం వేసిన అనుభవం ఉంది కాబట్టి చెబుతున్నాను.

కారణం ఏమిటంటే, అంబులెన్సు ఖర్చులో ఎక్కువ భాగం అది కదలకుండా నిలబడి ఉన్నప్పుడే అవుతుంది, డబ్బు ఇచ్చేవాళ్లు మాత్రం అది కదిలినప్పుడే ఇస్తారు. అర్ధరాత్రి 2 గంటలకు ఫోను వస్తే ఐదు నిమిషాల్లో బయలుదేరాలంటే, ఆ ఫోను రాని రాత్రులన్నీ కూడా ఒక పైలట్ (అంబులెన్సు డ్రైవరు), ఒక ఈఎంటీ (దారిలో రోగికి అత్యవసర చికిత్స చేసే శిక్షణ పొందిన మనిషి) బండి పక్కనే ఉండాలి. వారానికి 168 గంటలు. ఒక మనిషి పని వారానికి 48 గంటలకు మించకూడదు. అంటే ఒక్కో సీటుకు ముగ్గురున్నర మంది, సెలవులూ జ్వరాలూ కలుపుకుంటే నలుగురు. రెండు సీట్లకు ఎనిమిది మంది కావాలి. చాలా సంఘాలు ఇద్దరు డ్రైవర్లతో మొదలుపెట్టి, వాళ్ల చేత రోజుకు 16 గంటలు పని చేయించి, ఆరు నెలల్లో ఇద్దరినీ పోగొట్టుకుంటాయి. నిద్రలేని మనిషి చేతిలో రోగి ఉన్న బండిని పెట్టడం ఎంత ప్రమాదమో నేను వివరించనక్కరలేదు.

మీ మండలానికి సరిపడే ఒక లెక్క వేసి చూపిస్తాను. మీ ప్రాంతపు జీతాలను బట్టి అంకెలు మార్చుకోండి. నలుగురు పైలట్లకు 16,000 చొప్పున 64,000, నలుగురు ఈఎంటీలకు 18,000 చొప్పున 72,000, వెరసి జీతాలు 1,36,000. నెలకు 60 ట్రిప్పులు, 2,500 కిలోమీటర్లు అనుకుంటే, లీటరుకు 10 కిలోమీటర్ల లెక్కన 250 లీటర్ల డీజిల్, లీటరు 97 రూపాయల చొప్పున సుమారు 24,000. సర్వీసింగు, టైర్లు, చిల్లర మరమ్మతులకు 10,000. ఆక్సిజన్ రీఫిల్లు, గ్లౌజులు, సెలైన్, దూది వంటివాటికి 8,000. వాహన బీమా, ఫిట్‌నెస్, ఫోన్లకు 6,000. కొత్త బండి కోసం పక్కన పెట్టే సొమ్ము, ఏడేళ్లకు 20 లక్షలు కావాలంటే, నెలకు 24,000. మొత్తం 2,08,000. ట్రిప్పుకు దాదాపు 3,470 రూపాయలు.

ఇప్పుడు ట్రిప్పులు 60 నుంచి 90కి పెరిగాయనుకోండి. డీజిల్ 12,000, మందుల సామగ్రి 4,000 పెరుగుతాయి. మొత్తం 2,24,000. ట్రిప్పుకు 2,500 లోపే. పని సగానికి సగం పెరిగితే ఖర్చు పెరిగింది ఎనిమిది శాతం. మొదటి లెక్కలో జీతాలు, బీమా, కొత్త బండి నిధి కలిపితే 1,66,000, అంటే ప్రతి అయిదు రూపాయల్లో నాలుగు రూపాయలు బండి ఒక్క కిలోమీటరు తిరగకపోయినా ఖర్చయ్యేవే. కొత్త బండి నిధిని చాలామంది లెక్కలోంచి తీసేసి, ఖర్చు తక్కువని సంతోషిస్తారు. ఏడో ఏట మళ్లీ చందాలకు బయలుదేరేది వాళ్లే.

ఇక మీరు అడిగిన మూడు దారుల సంగతి.

ఆరోగ్యశ్రీ. 2007లో మొదలైన ఈ పథకం ఇచ్చే చెల్లింపు ప్యాకేజీ రూపంలో ఉంటుంది. పరీక్షలు, శస్త్రచికిత్స, మందులు, భోజనం, రోగి రవాణా ఖర్చు అన్నీ ఆ ప్యాకేజీలోనే కలిసి ఉంటాయి. ఆ సొమ్ము పథకంలో చేరిన (నెట్‌వర్కు) ఆసుపత్రికి చేరుతుంది. రోగిని తెచ్చిన వాహనం ఎవరిదన్న ప్రశ్నే ఆ లెక్కలో రాదు. ఆసుపత్రులు కొన్ని మీతో ఒప్పందానికి ముందుకు రావచ్చు. అయితే "మా దగ్గరికే తీసుకురండి, కేసుకు ఇంత ఇస్తాం" అనే మాట వస్తే అక్కడే ఆగిపోండి. గుండెనొప్పి వచ్చిన మనిషిని దగ్గరలో ఉన్న సరైన ఆసుపత్రికి చేర్చకుండా, కమీషను ఇచ్చే ఆసుపత్రికి తిప్పిన రోజున మీ సేవకు అర్థం పోతుంది. మా సంస్థకు ఇలాంటి ప్రతిపాదన రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ ఖాతాలో డబ్బు లేని నెలలోనే వచ్చింది.

ఆరోగ్య బీమా. పాలసీలలో అంబులెన్సు ఖర్చుకు పరిమితి ఉంటుంది. 2020 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న ప్రామాణిక పాలసీ ఆరోగ్య సంజీవనిలో అది ఒక్కో ఆసుపత్రి చేరికకు 2,000 రూపాయలు. రోగి ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తుంది. దారిలో ప్రథమ చికిత్సతో కోలుకుని ఇంటికి వెళ్లిపోయినా, మీరు వెళ్లేసరికి ప్రాణం పోయినా రూపాయి రాదు. వచ్చేదైనా రోగికి వస్తుంది, మీకు కాదు. అందుచేత మీరు చేయగలిగింది రోగికి సరైన బిల్లు ఇవ్వడం. ఇందులో మేము చేసిన తప్పు చెబుతాను. మొదటి రెండేళ్లు మేము వసూలు చేసిన ప్రతి రూపాయికీ "విరాళం" అని ముద్రించిన రసీదు ఇచ్చాం. రోగుల క్లెయిములు వరసగా తిరిగి వచ్చాయి, ఎందుకంటే విరాళం రసీదు సేవకు బిల్లు కాదు. ఆ తరువాత వాహనం నంబరు, ఎక్కించుకున్న చోటు, దించిన చోటు, రెండు సమయాలు, కిలోమీటర్లు, రోగి పరిస్థితి ఒక్క వాక్యంలో, ఈఎంటీ సంతకంతో బిల్లు పుస్తకం వేయించాం. తిరస్కరణలు దాదాపు ఆగిపోయాయి. క్లెయిము వస్తుందన్న నమ్మకం కలిగాక కుటుంబాలు మాకు డబ్బు కట్టడానికీ వెనకాడలేదు. అంబులెన్సులో రోగి రవాణాకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి బిల్లులో పన్ను వేయకూడదు. దానికి మరో వైపు ఏమిటంటే, మీరు టైర్ల మీద, విడిభాగాల మీద కట్టిన జీఎస్టీ మీకు వెనక్కి రాదు.

రోడ్డు ప్రమాదాల నగదు రహిత చికిత్స. మోటారు వాహనాల చట్టంలోని 162వ సెక్షన్ కింద కేంద్రం 2025 మే 5న ఈ పథకాన్ని నోటిఫై చేసింది. ఒక్కో బాధితుడికి ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా చికిత్స. గుర్తింపు పొందిన ఆసుపత్రిలో పూర్తి చికిత్స, మిగతా చోట్ల ప్రాణం నిలబెట్టే వరకే. ఇది మంచి పథకం, మీ పైలట్లకు గుర్తింపు ఆసుపత్రుల జాబితా కంఠతా రావాలి. అయినా క్లెయిము పెట్టేదీ, డబ్బు అందుకునేదీ ఆసుపత్రే.

రోగుల దగ్గరే వసూలు చేసుకుంటే సరిపోతుంది కదా అని మీ సంఘంలో ఎవరో ఒకరు అంటారు. మా అనుభవంలో పదిమందిలో నలుగురు పూర్తిగా ఇస్తారు, ఇద్దరు ముగ్గురు కొంత ఇస్తారు, మిగిలినవాళ్ల దగ్గర అడగడానికి కూడా నోరు రాదు. బండి ఎక్కించేముందు డబ్బు మాట ఎత్తకూడదన్నది మేము పెట్టుకున్న మొదటి నియమం. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి వెంటనే చికిత్స అందించాలని, లాంఛనాల పేరుతో ఆలస్యం చేయరాదని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు వైద్యులకు స్పష్టంగా చెప్పింది. ఆ బాధ్యతకయ్యే ఖర్చును తిరిగి ఇచ్చే ఏర్పాటు మాత్రం ఆ తీర్పు వెంట రాలేదు. అత్యవసర వైద్యంలో ఉన్నవాళ్లందరం ఆ ఖాళీలోనే పని చేస్తున్నాం.

ఈ ఖాళీని పెద్ద ఎత్తున పూడ్చిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఈఎంఆర్ఐ అనే సంస్థ పేరుతో, సత్యం కంప్యూటర్స్ వ్యవస్థాపక కుటుంబం సొమ్ముతో మొదలైంది. కొద్దికాలానికే రాష్ట్ర ప్రభుత్వం నడిపే ఖర్చులో 95 శాతం భరించడానికి ఒప్పుకుంది. 2009 జనవరి 7న సత్యం లెక్కల మోసం బయటపడి, దాత కుటుంబమే కూలిపోయింది. వేరే దేశంలో అయితే ఆ వారమే బండ్లు ఆగిపోయేవేమో. ఇక్కడ ఆగలేదు, ఆ ఏడాదే జీవీకే సంస్థ నిర్వహణ బాధ్యత తీసుకుంది. డీజిల్, జీతాల ఖర్చు అప్పటికే దాత చేతిలోంచి ప్రభుత్వ బడ్జెట్‌లోకి మారిపోయి ఉండడం దానికి పెద్ద కారణమని నేను నమ్ముతాను. మీరు ఆలోచించాల్సిందీ సరిగ్గా ఇదే. దాత తప్పుకున్న మరుసటి నెల బండి తిరుగుతుందా?

ప్రభుత్వ సొమ్ములో కూడా ఒక మెలిక ఉంది. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద కేంద్రం 108 వంటి సేవలకు వాహనాల కొనుగోలు సొమ్ము పూర్తిగా ఇచ్చి, నడిపే ఖర్చులో మొదటి ఏడు 60 శాతం, రెండో ఏడు 40 శాతం, ఆ పైన 20 శాతం చొప్పున తగ్గిస్తూ ఇచ్చే పద్ధతి పెట్టింది. రాష్ట్రం మీద భారం ఏటా పెరుగుతుంది. బండ్లు పాతబడి మరమ్మతులు పెరిగే సంవత్సరాలూ అవే. జెండా ఊపి ప్రారంభించే రోజుకు డబ్బు దొరికినంత సులభంగా, అయిదో ఏడాది క్లచ్ ప్లేటుకు దొరకదు.

బిల్లుల ఆలస్యం గురించి మీరు అడగలేదు గానీ, దీని గురించే ఎక్కువ చెప్పాలి. ప్రభుత్వ విభాగంతోనో పెద్ద సంస్థతోనో నెలకింత అని ఒప్పందం కుదిరినా, డబ్బు నెలకు రాదు. ట్రిప్పు షీట్లు పంపాలి, జీపీఎస్ కిలోమీటర్లతో సరిచూస్తారు, తేడా ఉంటే తిప్పి పంపుతారు, ఆలస్యానికి, బండి ఆగిన గంటలకు జరిమానా తీసేస్తారు, ఆపైన ఆర్థిక విభాగం, ఆపైన ట్రెజరీ. "బిల్లు పాసైంది, టోకెను పడింది" అని ఫోను వస్తుంది. టోకెను (ట్రెజరీలో బిల్లుకు ఇచ్చే నంబరు) పడడానికీ ఖాతాలో డబ్బు పడడానికీ మధ్య మాకు ఒకసారి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగో నెలలో ఒక ఆదివారం రాత్రి, మేము డీజిల్ పోయించుకునే బంకు యజమాని ఖాతా పుస్తకం తెచ్చి నా ముందు తెరిచారు. మూడు పేజీల నిండా మా రెండు బండ్ల నంబర్లే, ప్రతి వరస చివరా మా పైలట్ల పొట్టి సంతకాలు. బాకీ 1,14,000. "అయ్యా, నేను కూడా కంపెనీకి ముందే డబ్బు కట్టి లోడు తెప్పించుకోవాలి. మీ బండి ఆపితే పాపం, ఆపకపోతే నా బంకు ఆగుతుంది" అన్నారు. ఆయన మాటలో తప్పేమీ లేదు. ఆ రాత్రి ఒక పైలట్ తన భార్య గాజులు కుదువ పెట్టిన డబ్బులోంచి 3,000 తీసి డీజిల్ పోయించాడని నాకు వారం తరువాత తెలిసింది. రెండు నెలలుగా జీతం అందని మనిషి అతను. ఆ సంగతి తెలిసిన రోజునుంచి ఆరు నెలల ఖర్చు బ్యాంకులో లేకుండా నేను ఏ అంబులెన్సు ప్రారంభానికీ ఒప్పుకోలేదు. మీ లెక్కన అది పన్నెండున్నర లక్షలు. బండి ధరకు రెట్టింపు.

చెల్లింపు ఏ పద్ధతిలో ఉండాలన్నది కూడా ముందే తేల్చుకోండి. కిలోమీటరుకు ఇంత అని ఒప్పుకుంటే, చిన్న ఆసుపత్రి నుంచి పెద్ద ఆసుపత్రికి పంపే దూరపు రెఫరల్ కేసులే లాభంగా కనిపిస్తాయి. బండి ఎనిమిది గంటలు నగరం దారిలో ఉంటుంది, ఆ ఎనిమిది గంటలూ మండలానికి దిక్కు ఉండదు. ట్రిప్పుకు ఇంత అంటే, అవసరం లేని ట్రిప్పులు కాగితం మీద పుట్టుకొస్తాయి. నెలకు స్థిరంగా ఇంత అంటే, ఎవరూ చూడకపోతే బండి మూలన పడుతుంది. నా అభిప్రాయంలో మొత్తంలో అయిదింట నాలుగు వంతులు సిద్ధంగా ఉన్నందుకు స్థిరంగా, మిగతా ఒక వంతు తిరిగినదాన్ని బట్టి ఉండాలి. ఖర్చు స్వభావమే అలా ఉందని పైన చూశాం కదా.

అమెరికాలోని మీ మిత్రులకు ఈ సమస్య కొత్తది కాదని చెప్పండి. అక్కడ ప్రధానంగా వృద్ధుల కోసం ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఒక మూల ధర, దాని మీద మైళ్ల ధర ఇస్తుంది, అదీ రోగిని ఆసుపత్రికి చేరిస్తేనే. ఇంటి దగ్గరే చికిత్స చేసి వదిలేస్తే సాధారణంగా ఏమీ రాదు. 2022 నుంచి అమలైన అనూహ్య బిల్లుల నిరోధక చట్టం హెలికాప్టర్ అంబులెన్సులకు వర్తిస్తుంది గానీ, రోడ్డు మీద నడిచే అంబులెన్సులను వదిలేసింది. సందర్శక వీసా మీద వెళ్లిన తల్లిదండ్రులకు అంబులెన్సు పిలిచి, ఆ బిల్లు చూసిన మన వాళ్లు చాలామందే ఉంటారు.

వాళ్ల విరాళం విషయంలో జాగ్రత్త. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి ఉండాలి. రిజిస్ట్రేషను కోసం సంస్థ మూడేళ్లుగా నడుస్తూ, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షలు తన లక్ష్యాల మీద ఖర్చు చేసి ఉండాలి, న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ఖాతా తెరవాలి. మీ యువజన సంఘం ఖాతాలోకి ఆ డబ్బు నేరుగా తెప్పించుకుంటే మంచి పని చేస్తూ కేసులో ఇరుక్కుంటారు. కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధులకూ సంస్థకు మూడేళ్ల పని చరిత్ర, ఆ నిధులు అందుకోవడానికి ప్రభుత్వం దగ్గర చేసుకునే సీఎస్ఆర్-1 నమోదు అడుగుతారు. ఎంపీ నిధులతో వాహనం కొనవచ్చు, నెలవారీ ఖర్చుకు ఆ నిధులు వాడకూడదు. చూడండి, ఇక్కడా అదే కథ: బండికి డబ్బుంది, మనిషికి లేదు.

మాకు చివరికి నిలబడిన ఆదాయం పాల కేంద్రాల నుంచి వచ్చింది. మా చుట్టుపక్కల 22 గ్రామాల్లో పాలు పోసేవాళ్లు సుమారు 1,900 మంది. పదిహేను రోజులకోసారి ఇచ్చే పాలబిల్లులోంచి 15 రూపాయలు మినహాయించుకోవడానికి వాళ్ల చేత సంతకాలు తీసుకున్నాం. నెలకు 57,000. ఎవరి ఇంటికీ వెళ్లి అడగనక్కరలేదు, ఎవరికీ 15 రూపాయలు బరువు కాదు, వర్షాకాలమైనా ఎన్నికల కాలమైనా ఆగలేదు. దీనికి తోడు రెండు ఆసుపత్రులతో రోగులను ఇంటికి దించే ఒప్పందం, స్థానిక గ్రానైట్ క్వారీలతో ప్రమాదాలప్పుడు సిద్ధంగా ఉండేందుకు నెలవారీ రుసుము. చందా కట్టిన కుటుంబానికి ఉచితం, కట్టనివారికి బిల్లు, కట్టలేనివారికి మాఫీ. మాఫీ నిర్ణయం డ్రైవరు మీద పెట్టకుండా కమిటీ తీసుకునేది.

మీ విషయానికొస్తే, మొదట పైసా ఖర్చు లేని పని చేయండి. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, పోలీసు స్టేషను రిజిస్టర్ల నుంచి గత పన్నెండు నెలల అత్యవసర కేసులు, ఫోను చేసిన సమయం, వాహనం వచ్చిన సమయం ఒక పట్టికగా రాయండి. ఆ పట్టికతో కలెక్టరుగారిని, జిల్లా వైద్య ఆరోగ్యాధికారిని కలిసి, 108 వాహనం నిలిపే చోటును మీ మండలానికి మార్చమనో, రాత్రిపూట అయినా మీ దగ్గర నిలపమనో అడగండి. గర్భిణుల కోసం 102 వాహనాలు ఉన్నాయి కాబట్టి ఆ కేసులను విడిగా చూపించండి. వట్టి అర్జీకి రాని కదలిక తేదీలు, నిమిషాలు ఉన్న కాగితానికి వస్తుంది. మాకు ఒక మండలంలో ఇలా ఏడు వారాల్లో పని జరిగింది, మేము కొనాలనుకున్న బండి కొననక్కరలేకపోయింది.

అది కుదరకపోతే, రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు మాత్రమే నడిపే సేవతో మొదలుపెట్టండి. సిబ్బంది నలుగురితో సరిపోతుంది, నెల ఖర్చు లక్షా ముప్పై వేల దగ్గర ఉంటుంది. ఆ 6 లక్షల పాత బండి కొనేముందు దాని ఆర్సీలో అంబులెన్సు అని నమోదై ఉందో లేదో చూడండి. మామూలు వ్యానుగా నమోదై ఉంటే ప్రమాదం జరిగినప్పుడు వాహన బీమా దగ్గర పేచీ వస్తుంది.

మీ మండలంలో పాల కేంద్రాలు ఎన్ని, పాలు పోసేవాళ్లు ఎందరు, గత ఏడాది అత్యవసర కేసులు నెలవారీగా ఎన్ని, ఈ మూడు అంకెలు ఇక్కడ రాయండి. మీ అంకెలతో ఈ లెక్క మళ్లీ వేసి పంపుతాను.